సన్నని చేతులు, నిండు బిందె



కిందటి నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకదానిని ఇంకా బల్ల మీదనే ఉంచుకున్నాము. గోదావరి ప్రాంతం నుండి ఒక తల్లి వ్రాసినది. "మా అమ్మాయికి 22 ఏళ్ళు నిండాయి. అయిదడుగుల మూడంగుళాల ఎత్తు, 43 కిలోల బరువు. చిన్నప్పటి నుండి అంతే. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. చూడవచ్చిన వాళ్ళు పిల్ల పుల్లలా ఉందని కబురు పంపుతున్నారు. ఒళ్ళు చేసే టానిక్కు ఏదైనా ఉంటే మీ శీర్షికలో పేరు వ్రాయండి" అని ఆమె కోరారు.

ఆ ఉత్తరం అడుగున వేరే చేతివ్రాతతో మరి మూడు ముక్కలున్నాయి. "అమ్మగారూ, నాకు లావు కావాలని లేదు. గ్యాసు బండ జరపలేను, నిండు బిందె చంకనెత్తుకుని మెట్లెక్కలేను. సన్నగా ఉన్నవాళ్ళకు బలం రాదా?"

తల్లి అడిగినదానికి, కూతురు అడిగినదానికి చాలా దూరం ఉంది. ఈ నెల కూతురికే జవాబు వ్రాస్తున్నాము. తల్లిగారు మన్నించాలి. టానిక్కు పేరు మాత్రం వ్రాయబోము, ఎందుకో తరువాత చెబుతాము.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మగారు జీవితంలో ఎన్నడూ 45 కిలోలు దాటి ఎరుగరు. పెళ్ళిళ్ళలో చుట్టాలంతా "వదిన చూడు, అరవై దాటినా మల్లెతీగలా ఉంది" అని మురిసేవారు. ఒళ్ళు లేదు గనుక షుగరు రాదు, బీపీ రాదు అని మేమూ నిశ్చింతగా ఉన్నాము. ఏళ్ళ తరబడి ఆమెను చూసిన వైద్యులు కూడా తూకం చూసి "బాగుందమ్మా" అని పంపేవారు. 66వ యేట ఒక ఉదయం పెరట్లో కుళాయి దగ్గర కాలు జారింది. పెద్దగా పడింది కూడా లేదు, కూలబడ్డారు అంతే. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఫిల్ము చూపించి, ఎముక గుల్లబారిందని చెప్పారు. ఆపరేషనుకు ముందు రక్తం పరీక్ష చేస్తే షుగరు కూడా బయటపడింది. ఆపరేషను బాగానే జరిగింది. కాని ఆ తరువాత కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేవలేకపోయారు. తొడలలో కండ లేదు. ఎప్పటినుండి లేదో మేమెవరమూ గమనించలేదు. సన్నగా ఉండటమే ఆరోగ్యం అనుకున్నాము.

ఈ పొరపాటు మా ఒక్క ఇంటిది కాదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం, దానితో ఒక ఫోటో వచ్చాయి. ఫోటోలో ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, రెండోవారు ఇంగ్లండుకు చెందిన డాక్టర్ యుడ్కిన్. ఇద్దరి ఎత్తుకు తగిన బరువు లెక్క ఒక్కటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. కాని ఒంట్లోని కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌గారికి 9.1 శాతం, యాజ్ఞిక్‌గారికి 21.2 శాతం తేలింది. సన్నని చొక్కా కింద మనవాళ్ళలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అన్న సంగతిని ఆ ఒక్క ఫోటో చెప్పేసింది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే. అది చిక్కిపోతే పుల్లలాంటి మనిషికి కూడా షుగరు రావచ్చు.

ఎముక మాట కూడా అంతే. ఎముక అంటే ఇటుకరాయి కాదు, బ్రతికి ఉన్న పదార్థం. మీద పడే బరువును బట్టి, కండరం లాగే లాగుడును బట్టి అది గట్టిపడుతుంది. సుమారు 30 ఏళ్ళ వరకు కూడబెట్టుకుంటుంది, ఆ తరువాత ఖర్చు మొదలవుతుంది. బహిష్టులు ఆగిన తరువాతి కొన్నేళ్ళలో ఆ ఖర్చు మరీ వేగం. లావుగా ఉన్న మనిషి నడిచినప్పుడల్లా తన ఒంటి బరువే ఎముకకు కొంత పని పెడుతుంది. సన్నని మనిషికి ఆ పాటి పని కూడా ఉండదు. అందుకే ఎముకలు గుల్లబారే ప్రమాదం ఎవరికెక్కువ అని వైద్యులు లెక్కవేసేటప్పుడు తక్కువ బరువును కూడా ఒక కారణంగా వ్రాసుకుంటారు. కాబట్టి అమ్మాయీ, బరువులెత్తే వ్యాయామం లావైనవారికే గాని సన్నవారికెందుకు అని ఎవరన్నా నమ్మవద్దు. నీకే ఎక్కువ అవసరం.

ఇక బలం వస్తుందా అన్న ప్రశ్న. వస్తుంది.

శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి పేరు మన పాఠకులలో ఎరగనివారుండరు. ఈ పిల్ల మరీ బక్కగా ఉంది, బరువులెత్తడానికి పనికిరాదని మొదట్లో తనను వెనక్కు పంపేశారని, అప్పుడు తల్లి ధైర్యం చెప్పిందని ఆమే చెప్పుకున్నారు. 1994, 1995 ప్రపంచ పోటీలలో 54 కిలోల విభాగంలో ఆమె విజేత. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో ఒక ఎత్తులో 110, మరో ఎత్తులో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. తరువాత 2021లో టోక్యోలో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో వెండి పతకం గెలిచింది. అయిదడుగులు కూడా లేని ఆ అమ్మాయి తలమీదికి ఎత్తినది 115 కిలోలు. అంటే తనలాంటివారిని ఇద్దరిని ఎత్తి, ఇంకా పైన కొంత. చిన్నప్పుడు అడవి నుండి కట్టెల మోపులు మోసిన పిల్ల ఆమె.

మన ఇళ్ళలోని అమ్మాయిలు ఒలింపిక్సుకు వెళ్ళనక్కరలేదు. ఇంట్లో వాడే గ్యాసు బండలో గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు 15, 16 కిలోలు. మొత్తం 30 కిలోలు. మల్లీశ్వరి ఎత్తినదానిలో పావు వంతు కూడా లేదు. అయినా మన ఆడపిల్లలలో ఎంతమందికి అది కొండలా ఉంటుందో చూడండి.

"ఇంటిపని చేస్తూనే ఉన్నాము కదా, అది చాలదా?" అని అడిగే సోదరీమణులున్నారు. మా అమ్మమ్మగారి కాలానికైతే చాలేది. చేదతో బావి నీళ్ళు తోడటం, రోకలితో దంచటం, రుబ్బురోలు ముందు గంటసేపు కూర్చోవటం, మోపెత్తటం, ఇదంతా వ్యాయామమే. ఇప్పుడు నీళ్ళు మోటారు తోడుతుంది, పిండి గ్రైండరు రుబ్బుతుంది. మిగిలిన పని అలసటనిస్తుంది గాని బలాన్నివ్వదు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. రోజూ ఒకే బిందె మోస్తే, ఆ బిందెకు సరిపడా బలం వచ్చి అక్కడితో ఆగిపోతుంది. మోసే బరువు కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటేనే కండరం మళ్ళీ పెరుగుతుంది. తాలింఖానాలో దండీలు, బస్కీలు తీయించే ఉస్తాదులకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. వీరఘట్టం వాడైన కోడి రామమూర్తి నాయుడు అలా సాధన చేసే రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునే దాకా వెళ్ళాడు. ఆ తాలింఖానాల తలుపులు మగపిల్లలకే తెరిచారన్నది మన పెద్దలు ఆలోచించుకోవలసిన సంగతి.

మరో భయం ఉంది. బరువులెత్తితే మగవాళ్ళలా కండలు తిరుగుతాయని. తిరగవు. ఆ కండలకు కావలసిన పురుష హార్మోను స్త్రీలలో మగవారి పాళ్ళలో పదో వంతు కూడా ఉండదు. పైగా సన్నని ఒంటితత్వం ఉన్నవారికి కండ నెమ్మదిగా వస్తుంది. మొదటి నెలా నెలన్నర అద్దంలో ఏమీ కనిపించకపోయినా బలం పెరుగుతుంది. ఎందుకంటే, ఉన్న కండరంలో కొన్ని పోగులు నిద్రపోతూ ఉంటే మెదడు వాటిని పనిలోకి పిలవటం నేర్చుకుంటుంది. పోగులు లావెక్కటం ఆ తరువాతి పని. చాలామంది అమ్మాయిలు సరిగ్గా ఈ నెలన్నర లోపే "ఏమీ రాలేదు" అని మానేస్తారు. అద్దం చూడవద్దు, బకెట్టు చూసుకోండి అని మేము చెబుతున్నాము.

బకెట్టు అని ఊరికే అనలేదు. వ్యాయామశాలలు అన్ని ఊళ్ళలో లేవు, ఉన్నచోట రుసుము కట్టడం అందరికీ వీలుకాదు, ఆడపిల్లను ఒంటరిగా పంపటానికి కొందరికి మనసొప్పదు. మంచి వ్యాయామశాల, నేర్పే మనిషి దొరికితే తప్పక వెళ్ళండి. దొరకనివారికి ఒక బకెట్టు, ఒక చెంబు ఉంటే చాలు. లీటరు పట్టే చెంబుతో ఒక చెంబు నీళ్ళు పోస్తే ఒక కిలో పెరిగినట్టే. ఇంతకంటె చవకైన తూకం ఎక్కడ దొరుకుతుంది?

ఒక బలమైన స్టూలు గాని మంచం పట్టె గాని ఎడమ చేత్తో ఆనుకుని, నడుము వంగకుండా ముందుకు వాలి, కుడిచేత్తో బకెట్టును చేద లాగినట్టు నడుము దాకా లాగి మెల్లగా దించాలి. నాలుగు చెంబులతో మొదలుపెట్టండి. ఎనిమిదిసార్లు లాగేసరికి చివరి రెండూ కష్టంగా ఉండాలి. కష్టంగా లేకపోతే ఇంకో చెంబు పోయండి. అదే బరువుతో పన్నెండుసార్లు సులువుగా వచ్చిన రోజున మళ్ళీ ఒక చెంబు పెంచండి. ఇలా రెండు చేతులకూ రెండు మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. నీళ్ళు తొణికి గచ్చు జారుతుంది. మా అమ్మగారి సంగతి విన్నారు కదా, గచ్చు పొడిగా ఉండాలి. వీలైతే నీళ్ళ బదులు పొడి ఇసుక పోసుకోండి, దానికి బరువు ఎక్కువ గనుక తక్కువ చెంబులు చాలు.

కాళ్ళకు గుంజీళ్ళను మించినవి లేవు. బడిలో శిక్షగా తీయించారని వాటిమీద కోపం పెట్టుకోకండి. మొదట కుర్చీ వెనుక ఉంచుకుని, చేతులు ఆనించకుండా కూర్చుని లేవండి. అది సులువైతే కుర్చీ తీసేయండి. అదీ సులువైతే రెండు కిలోల పప్పు సంచి, అయిదు కిలోల బియ్యం సంచి రొమ్ముకు హత్తుకుని తీయండి. చేతులకు, ఛాతీకి దండీలు. నేలమీద ఒక్కటి కూడా రానివారు గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టి, తరువాత వంటగట్టు, ఆ తరువాత మోకాళ్ళు నేలకు ఆనించి, ఇలా మెట్లు దిగినట్టు దిగవచ్చు. మేము 51వ యేట గోడ దగ్గర మొదలుపెట్టి, వంటగట్టు దగ్గరకు రావటానికి మూడు నెలలు పట్టించుకున్నాము. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు.

నేలమీది బరువు ఎత్తటం మాత్రం ఎవరైనా దగ్గరుండి చూస్తూ ఉండగా నేర్చుకోవాలి. బియ్యం సంచి పాదాల దగ్గరకు తెచ్చుకుని, తుంటి వెనక్కు నెట్టి, మోకాళ్ళు మడిచి, వీపు బల్లలా నిలిపి, సంచిని ఒంటికి ఆనించుకుని లేవాలి. ఎత్తేటప్పుడు ఊపిరి బయటికి వదలాలి, బిగబట్టకూడదు. దూరంగా ఉన్న బరువును నడుము వంచి గుంజుకోవటమే మన ఇళ్ళలో నడుంనొప్పులు తెచ్చిపెట్టేది.

ఇదంతా రోజూ అక్కరలేదు. వారానికి రెండు రోజులు, మహా అయితే మూడు. మధ్యలో ఒక రోజు విడవాలి, కండరం బాగుపడేది ఆ విశ్రాంతిలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదీ వారానికి కనీసం రెండు రోజులనే. మరునాడు ఒళ్ళు తీపరంగా ఉండటం మామూలే. కీలులో పోటు వస్తే మాత్రం ఆపేయాలి.

తిండి మాట చెప్పకపోతే ఈ వ్రాతంతా వ్యర్థం. సన్నని అమ్మాయి తిండి పెంచకుండా వ్యాయామం చేస్తే ఇంకా చిక్కిపోతుంది. మరీ తక్కువ తిని మరీ ఎక్కువ కష్టపడితే బహిష్టులు ఆగిపోతాయి, ఎముకలు కూడా నీరసిస్తాయి. బహిష్టు రెండు మూడు నెలలు తప్పితే సిగ్గుపడక వైద్యురాలికి చెప్పాలి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 48 కిలోల స్త్రీకి సుమారు 40 గ్రాములు. బరువులెత్తేవారు 60 దాకా తినటం మంచిది. ఇదేమీ అందని పండు కాదు. రెండు గుడ్లలో 12, గ్లాసు పాలలో 6, కప్పు పెరుగులో 6, యాభై గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు వేరుశనగ పప్పులో 7, రోజు మొత్తం మీద తినే పావుకిలో లోపు బియ్యంలో 15. కూడితే 57. గుడ్డు తిననివారికి సెనగలు, ఉలవలు ఉన్నాయి. చేపలు తినేవారు ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు తింటే ఎముకకు సున్నం కూడా దొరుకుతుంది. రాగులలోనూ ఆ సున్నం పుష్కలం, వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైమాటే. పెద్దమనిషైన పిల్లకు సున్నుండలు పెట్టిన మన ముసలమ్మలకు ఈ లెక్కలు రాకపోయినా విషయం తెలుసు.

కాని ఒక్కటి అడుగుతున్నాము. మీ ఇంట్లో ఆఖరున తినేదెవరు? అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన పప్పునీళ్ళు కలుపుకునేదెవరు? "మా అమ్మాయికి ఎంత పెట్టినా ఒంటికి పట్టదు" అనే ముందు ఒక వారం రోజులు ఆమె ఏమేమి తిన్నదో కాగితం మీద వ్రాసి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు, 18.7 శాతం మంది ఉండవలసిన బరువు లేనట్టు తేలింది. వీరందరిదీ పుట్టుకతో వచ్చిన సన్నదనమని మేము నమ్మలేము.

అందుకని ఆ తల్లిగారికి ఒక మాట. ఎత్తు 160 సెంటీమీటర్లున్న అమ్మాయికి కనీసం 47 కిలోలు ఉండాలి. 43 తక్కువే. చిన్ననాటి నుండి ఇదే తీరు, ఆకలి బాగుంది, బహిష్టు సక్రమంగా ఉంది అంటే కంగారు లేదు. అయినా రక్తం శాతం, థైరాయిడు, షుగరు ఒకసారి చూపించండి. ఈమధ్యనే బరువు తగ్గినా, సాయంత్రం జ్వరం, విడవని దగ్గు ఉన్నా వ్యాయామం సంగతి తరువాత, ముందు ఆసుపత్రి. పిల్లలకు పాలిచ్చేవారు, గర్భిణులు వైద్యురాలిని అడిగిన తరువాతనే ఏ బరువైనా ఎత్తాలి.

టానిక్కు ఎందుకు వ్రాయలేదో ఇప్పుడు చెప్పవచ్చు. ఒళ్ళు చేయడానికని దుకాణంలో చేతిలో పెట్టే మాత్రలలో కొన్ని జలుబు, దురదల మందులు. వాటికి ఆకలి పుట్టించే గుణం ఉన్నమాట నిజమే, దానితో మత్తూ వస్తుంది. మరికొన్ని స్టెరాయిడ్లు. వాటితో ముఖం గుండ్రమై నిండుగా కనిపిస్తుంది. అది నీరూ కొవ్వూ మాత్రమే, కండ కాదు. ఎక్కువకాలం వాడితే ఎముకను తొలిచేస్తాయి. డబ్బాలలో వచ్చే ప్రొటీను పొడుల జోలికి కూడా వెళ్ళవద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసుకోండి.

పెద్దవయసు సోదరీమణులు "మా కాలం అయిపోయింది" అనుకోనక్కరలేదు. 1990లో అమెరికాలోని బోస్టనులో వృద్ధాశ్రమంలో ఉన్న 90 ఏళ్ళ ప్రాయం వారికి ఎనిమిది వారాలు బరువులతో వ్యాయామం చేయించారు. తొడల బలం సగటున రెండు రెట్లు దాటింది. ఆ తరువాత 1994లో 50 నుండి 70 ఏళ్ళ స్త్రీల మీద జరిగిన పరిశోధనలో, వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదిపాటు బరువులెత్తినవారి ఎముకలు నిలబడ్డాయి, ఎత్తనివారివి తరిగాయి. ఎముకలు ఇప్పటికే గుల్లబారినవారు మాత్రం ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే చేయాలి. సొంతంగా ముందుకు వంగి బరువులెత్తరాదు.

మా అమ్మగారికి ఇప్పుడు 69. మందులు వాడుతున్నారు. వారానికి మూడు రోజులు, హాలులోని చెక్క కుర్చీలో నుండి చేతులు రొమ్ము మీద కట్టుకుని లేచి కూర్చుంటారు. మొదట్లో ఒక్కసారి లేవటానికి కుర్చీ మీద రెండు దిండ్లు వేయవలసి వచ్చింది. ఇప్పుడు దిండ్లు లేవు. పన్నెండు లెక్కపెడతారు, పైకే, వంటగదిలో ఉన్న మాకు వినబడేటట్టు. పదకొండు దగ్గర ఎప్పుడూ కాస్త ఆగుతారు.

ఉత్తరం అడుగున మూడు ముక్కలు వ్రాసిన అమ్మాయీ, రేపే నాలుగు చెంబులతో మొదలుపెట్టు. చెంబుకొక గీత చొప్పున క్యాలెండరు మీద పెట్టుకో. నిండు బిందె పట్టేది పన్నెండు, పదమూడు చెంబులే. అక్కడిదాకా వచ్చిన రోజున మెట్లెన్ని ఎక్కగలిగావో మాకొక కార్డు ముక్క వ్రాయి. అమ్మతో కూడా ఓ మాటు ఎత్తించి చూడు.